ఊపిరి యంత్రానికి గుండె పెట్టిన షరతులు

1952 ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లోని బ్లెగ్‌డామ్ ఆసుపత్రి పోలియో రోగులతో నిండిపోయింది. ఊపిరి ఆడించే పెట్టె యంత్రం, అంటే ఐరన్ లంగ్, అక్కడ ఒకే ఒక్కటి ఉంది. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ఊపిరాడని 12 ఏళ్ల పాపకి గొంతు కింద రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచి పిండుతూ గాలి లోపలికి నెట్టాడు. పాప బతికింది. ఆ తర్వాత నెలల తరబడి వైద్య విద్యార్థులు వంతులేసుకుని రోగుల పక్కన కూర్చుని సంచులు పిండారు. వెంటిలేటర్ కథ ఎవరు చెప్పినా ఇక్కడే మొదలుపెడతారు, నేనూ అంతే. గుండె సంగతి మాత్రం అంతకు ముందే మొదలైంది.

మనం గాలి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గుతుంది. సిరల్లోని రక్తం గుండెకు సులువుగా చేరేది అందువల్లే. రోగిని మెడదాకా పెట్టెలో ఉంచి పెట్టెలోని గాలిని లాగే ఐరన్ లంగ్ కూడా ఛాతీని బయటినుంచే సాగదీసేది. గాలిని లోపలికి నెట్టే పద్ధతిలో వ్యవహారం తిరగబడుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి సిరల రక్తం నెమ్మదిస్తుంది. కుడి జఠరికకు, అంటే గుండె కుడివైపు కింది గదికి, అందేది తగ్గితే, కొద్ది స్పందనల్లోనే ఎడమ జఠరిక పంపేదీ తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువున్న రోగికి వెంటిలేటర్ పెట్టగానే బీపీ పడిపోయేది ఇందుకే.

న్యూయార్క్ బెల్వ్యూ ఆసుపత్రిలో ఆంద్రె కూర్నాన్ బృందం 1948లోనే దీన్ని కొలిచి చూపింది. ఒత్తిడిని మెల్లగా పెంచి, ఠక్కున దించేసి, గాలి వదలడానికి పీల్చినంత సమయమైనా ఇస్తే గుండె పెద్దగా ఇబ్బంది పడలేదు. ఈనాటి వెంటిలేటర్ మోడ్‌ల, అంటే గాలి ఇచ్చే పద్ధతుల, చర్చంతటికీ పునాది ఇదేనని నా లెక్క. రోగి తానే ఊపిరి మొదలుపెడితే యంత్రం చేయూతనిచ్చే ప్రెషర్ సపోర్ట్ గుండెకు కాస్త తేలికగా ఉండటానికీ కారణం ఛాతీలో సగటు ఒత్తిడి తగ్గడమే.

1967లో డెన్వర్ వైద్యులు ఊపిరి వదిలాక కూడా కొంత ఒత్తిడి నిలిపి ఉంచారు. దాన్నే పీప్ అంటాం. ముడుచుకున్న గాలి తిత్తులు తెరుచుకున్నాయి, రక్తంలో ఆక్సిజన్ పెరిగింది. ఆ అంకె చూసి మురిసిపోతే మోసపోతాం. పీప్ మరీ పెంచితే ఉబ్బిన తిత్తులు తమ చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలను నొక్కేస్తాయి, కుడి జఠరిక అలసిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, దాన్ని మోసుకెళ్లే రక్తమే తగ్గిపోతుంది. ఒక హద్దు దాటాక పీప్ పెంచితే ఒంటికి చేరే ఆక్సిజన్ తగ్గుతుందని 1975లో సూటర్ బృందం నిరూపించింది.

బలహీనపడిన ఎడమ జఠరికకు మాత్రం ఇదే ఒత్తిడి సాయం. రక్తాన్ని బయటికి నెట్టే శ్రమ తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుండెజబ్బు రోగికి ఎడతెగకుండా ఒత్తిడితో గాలి ఇచ్చే సీపాప్ మాస్కు పెట్టేది అందుకే. యంత్రం తీసేసినప్పుడు ఆ సాయమూ పోతుంది. 1988లో ఫ్రాన్స్‌లో లెమేర్ బృందం వెంటిలేటర్ వదలలేని 15 మందిని పరిశీలిస్తే, సొంతంగా ఊపిరి తీయగానే గుండె ఎడమవైపు ఒత్తిడి దాదాపు మూడు రెట్లయింది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులతో ఒంట్లో నీరు తగ్గించాక వాళ్లలో 9 మంది యంత్రం నుంచి బయటపడ్డారు.