లెక్కకు రాని పని

పూర్వకాలమున ఎవరే పనులు చేసిరి, వారికెంత కూలి ముట్టెను అను విషయమును శోధించుటకే జీవితకాలమును వెచ్చించు పండితులును గలరు. అట్టివారిలో అమెరికా దేశస్థురాలగు క్లాడియా గోల్డిన్ గారు సుప్రసిద్ధులు. వీరినిగూర్చి మా విద్యార్థులకు కొంత తెలుపగోరుచున్నాము.

వీరు 1946వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జన్మించిరి. సూక్ష్మజీవశాస్త్రము నభ్యసింపదలచి కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరి, అచ్చటి యొక యాచార్యుని బోధనచే ఆకర్షింపబడి అర్థశాస్త్రమునకు మరలిరి. 1972లో చికాగోలో డాక్టరు పట్టమును, 1990లో హార్వర్డునందు శాశ్వతాచార్య పదవిని పొందిరి. హార్వర్డు అర్థశాస్త్రశాఖలో అట్టి పదవి నందిన స్త్రీలలో వీరే మొదటివారు.

పదవుల మాట యటుండనిండు. చేసిన పనిని చూతము. అమెరికా జనాభా లెక్కలలో వృత్తి యను గడియందు వివాహిత స్త్రీల కెదురుగా తరచు "భార్య" యని మాత్రమే వ్రాయబడుచుండెను. ఆమె భర్తతో పొలమున పాటుపడినను, ఇంట కూర్చుండి కూలికి బట్టలు కుట్టినను, అద్దెకుండువారికి వండిపెట్టినను ఆ మాటయే! (తల్లి వృత్తి యనుచోట ఆలోచింపక "ఏమియు లేదు" అని వ్రాయు తండ్రులు మనలోను లేకపోలేదు.) గోల్డిన్ గారు ఆ గడిని నమ్మక, స్త్రీలు దినమున ఏయే పనుల కెంత కాలము వెచ్చించిరో తెలుపు పత్రములను, పరిశ్రమల లెక్కలను వెదకి సరిచూచిరి. 1890 ప్రాంతమున పనిచేయుచుండిన వివాహిత స్త్రీల పాలు సర్కారు లెక్కకు సుమారు మూడు రెట్లని తేలినది.

దేశము సంపన్నమగుకొలది స్త్రీలు క్రమముగా పనిలోనికి వచ్చిరని పలువురు తలచుచుండిరి. 200 ఏండ్ల లెక్కలు చూడగా, వారి సంఖ్యాభాగము మొదట తగ్గి పిమ్మట పెరిగినది. సేద్యమున ఇల్లును పనియు నొక్కచోటనే యుండెను. ఫ్యాక్టరీలు వచ్చినపుడు బిడ్డల తల్లికి ఇల్లు విడచి పోవుట దుర్లభమయ్యెను. 20వ శతాబ్దమున ఆఫీసు పనులును బాలికల విద్యయు హెచ్చుటచే వారు మరల పనిలోనికి వచ్చిరి. అయినను 1930 ప్రాంతమున అచ్చట అనేక స్థలములందు ఉపాధ్యాయిని పెండ్లాడినచో ఉద్యోగము వదలవలసినదే. మా యుపాధ్యాయినులు దీనిని చదివి నవ్వుదురో, కోపింతురో!

2023లో గోల్డిన్ గారికి అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానమును మరెవరితోను పంచుకొనక పొందిన మొదటి స్త్రీ వీరే. సంపన్న దేశములలో నేటికిని స్త్రీపురుషుల జీతములందు గల భేదము చాలవరకు ఒకే వృత్తిలోని వారి మధ్యనే యున్నదనియు, అది ముఖ్యముగా తొలిబిడ్డ పుట్టినది మొదలు హెచ్చుచున్నదనియు వీరు చూపియున్నారు.