నీట్‌: తప్పులే చెప్పే పాఠం

2025 నుంచి వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌ యూజీలో ఐచ్ఛిక ప్రశ్నలు లేవు. 180 నిమిషాలు, 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఇందులో సగం జీవశాస్త్రానివే. ఆ 90 ప్రశ్నల్లో అత్యధికం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల నుంచే వస్తాయి. బొమ్మ కింది చిన్న అక్షరాలను కూడా వదలకుండా చదివినవాళ్లు ఈ భాగాన్ని 50 నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయాన్ని భౌతికశాస్త్రం లెక్కలకు దాచుకోగలరు.

గతంలో వైద్య సీట్ల కోసం రాసిన ఎంసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు పోయేవి కావు. 2017 నుంచి తెలుగు రాష్ట్రాల కన్వీనర్‌ కోటా సీట్లకూ నీటే దారి. ఇక్కడ ఒప్పుకు 4, తప్పుకు మైనస్‌ 1. అంటే తెలిసిన ప్రశ్నను తొందరపడి తప్పు చేస్తే 5 మార్కుల తేడా! వందల ర్యాంకులు తారుమారయ్యేది ఇక్కడే.

అందుకే మాక్‌ టెస్టు రాయడం కన్నా, రాసిన పేపరును మళ్లీ ముందేసుకోవడం ముఖ్యం. తప్పయిన ఒక్కో ప్రశ్న ఎందుకు పోయింది? పాఠం రాకనా, ‘సరికానిది’ అన్న మాట చూడకనా, గుణకారంలోనా? మొదటిదైతే పుస్తకం తెరవాలి. మిగతా రెంటికీ అదనపు చదువు మందు కాదు. గడియారం పెట్టుకుని, నిదానంగా చదివి జవాబు పెట్టే సాధన కావాలి.

ఓఎంఆర్‌ షీటును ఇంట్లోనూ బాల్‌పెన్నుతోనే నింపాలి. దిద్దిన వృత్తాన్ని మార్చడానికి వీల్లేదు. ఒక ప్రశ్న వదిలి, దాని వృత్తంలో తర్వాతి జవాబు పెడితే వరుసంతా చెడుతుంది.

తెలుగులో రాసేవారికి ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఇస్తారు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌ పాఠమే చెల్లుతుంది. కాబట్టి సాంకేతిక పదాలను ఇంటర్‌ మొదటి ఏడాది నుంచే రెండు భాషల్లోనూ నేర్చుకోవాలి.