ఆకుకూర తింటున్నా రక్తం పట్టడం లేదా? పెనం వైపు చూడండి

"ఆకుకూరలు బాగా తినండి" అని చెప్పని వైద్యుడు లేడు. హకీం చెబుతాడు, ఆయుర్వేద వైద్యుడు చెబుతాడు, ఇంగ్లీషు డాక్టరూ చెబుతాడు. ఎలా వండాలో మాత్రం చాలామంది చెప్పరు. నేనూ చాలా ఏళ్ళు చెప్పలేదు. ఒక తల్లి మాట విన్నాకే ఆ లోటు నాకు తెలిసింది.

ఆమె సిరుగుప్ప వైపు పల్లె నుంచి పదహారేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొని నా దవాఖానాకు వచ్చింది. అమ్మాయికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బడిలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. నబ్జ్ చూశాను, బలం లేదు. కంటి కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది.

"ఆకుకూరలు పెడుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"వారంలో నాలుగు దినాలు అదే కదా హకీం సాబ్! జొన్నరొట్టె, ఆకుకూర. అయినా పిల్లకు రక్తం పట్టదు" అంది.

అప్పుడు మొదటిసారి అడిగాను, ఎలా వండుతావని. ఆమె దాచకుండా చెప్పింది. కూర సన్నగా తరిగి, తరిగాక కడుగుతుంది. చెంబెడు నీళ్ళు పోసి మెత్తగా ఉడికిస్తుంది. పసరు వాసన పోవాలని ఆ నీళ్ళు పారబోస్తుంది. మిగిలిన పిప్పిని నూనెలో నల్లబడే దాకా వేయిస్తుంది. భోజనం కాగానే ఇంటిల్లిపాదికీ చాయ్. అమ్మాయికి అందవలసిన దానిలో చాలా భాగం మోరీలోకి పోతోంది. మిగిలినదాన్ని చాయ్ అడ్డుకుంటోంది.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే నూటికి సగం కంటే ఎక్కువ.

యూనానీ ఏమంటుంది?

మన తిబ్‌లో ఆహారానికీ మందుకూ మధ్య ఒక మెట్టు ఉంది. దాన్ని గిజాయె దవాయీ అంటారు, అంటే మందు గుణమున్న ఆహారం. ఆకుకూరలను ఆ మెట్టు మీద చూడాలి. ఇబ్నె సీనా (980–1037) తన అల్ ఖానూన్ రెండవ గ్రంథాన్ని ఏక ద్రవ్యాలకే కేటాయించారు. అందులో కొత్తిమీర, సోయకూర వంటి వంటింటి ఆకులకూ చోటుంది.

ప్రతి ఆకుకూ ఒక మిజాజ్, అంటే స్వభావం ఉంటుంది. పాలకూర, గంగవాయిలి కూర (మన ఇళ్ళలో కుల్ఫా అంటాం) చల్లనివి, తేమ గలవి. చుక్కకూర చల్లనిదే కాని పొడి స్వభావం. మెంతికూర, సోయకూర, పుదీనా వేడి, పొడి స్వభావం గలవి. చల్లని కూర కొందరికి కడుపులో వాయువు చేస్తుంది. అందుకని దానికి ముస్లిహ్, అంటే దోషాన్ని సరిచేసే దినుసు కలపాలి. పాలకూరకు జీలకర్ర, వెల్లుల్లి, మిరియం ముస్లిహ్‌లు. వేడి చేసే మెంతికూరకు పెసరపప్పో, పక్కన పెరుగో సరిపోతుంది. మన పెద్దలు వేసే పోపు రుచి కోసం మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన బళ్ళారి ఎండల్లో చల్లని కూరలు, చలికాలంలో మెంతి, సోయ ఎక్కువగా వాడుకోవడం మంచిది. వానాకాలంలో ఆకులకు మట్టి, పురుగు ఎక్కువ. తక్కువ కొని ఎక్కువ కడగాలి. మురుగునీటితో పెంచిన కూర ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

ఎలాంటి పాత్ర?

1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దుకు ఇటైనా అటైనా వంట ఒకటే. పుంటికూర అన్నా, పుండిపల్య అన్నా, అంబాడా అన్నా అదే ఆకు. దాన్ని జొన్నరొట్టెతో తినేవాళ్ళమే అందరం. ఒకప్పుడు ఇంటింటా ఇనుప పెనం, ఇనుప బాండ్లి ఉండేవి. ఇప్పుడు అవి అటకెక్కాయి, నాన్‌స్టిక్ దిగింది.

ఆ ఇనుప పాత్రను కిందికి దించండి. అంచున్న వెడల్పాటి పెనం అయితే మరీ మంచిది. వెడల్పు ఉంటే ఆకులోని నీరు తొందరగా ఇగురుతుంది, కూర తక్కువ సేపట్లో అవుతుంది. వండేటప్పుడు ఇనుము కొద్దికొద్దిగా కూరలోకి దిగుతుంది. పులుపు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ దిగుతుంది. అయితే వండిన కూరను ఇనుప పాత్రలోనే వదిలేస్తే నల్లబడి, ఇనుప వాసన వేస్తుంది. దించగానే స్టీలు గిన్నెలోకి తీయాలి. పెనం కడిగి, తుడిచి, కాస్త నూనె రాసి పెడితే తుప్పు పట్టదు.

కళాయి పూత పోయిన రాగి, ఇత్తడి పాత్రల్లో పుంటికూర, చుక్కకూర ఎప్పుడూ వండవద్దు. పులుపు తగిలితే రాగి కూరలోకి దిగి, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పుల్లకూరలకు అల్యూమినియం కూడా మంచిది కాదు.

ఇలా వండండి

నలుగురికి అర కిలో దాకా ఆకు తీసుకోండి. ఎక్కువ అనిపిస్తుంది, కాని పెనం మీద పడితే గుప్పెడవుతుంది. పెద్దలకు రోజుకు సుమారు 100 గ్రాముల ఆకుకూర ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది.

మొదట కడగండి, తర్వాతే తరగండి. వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి ఆకును ముంచి పైకి తీయాలి. గిన్నె అడుగున మట్టి కనిపించనంత వరకు నీళ్ళు మార్చాలి. లేత కాడలు పారేయకుండా సన్నగా తరిగి కలపండి. తరిగిన కూరను గంటల తరబడి ఉంచకండి.

పెనం వేడెక్కాక రెండు చెంచాల నూనె వేయండి. నూనె అసలు లేకపోతే ఆకులోని ఎ విటమిన్ సరుకు ఒంటికి పట్టదు, మరీ ఎక్కువైతే బరువు. జీలకర్ర, చితకకొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి వేగాక ముందు కాడలు, నిమిషం తర్వాత ఆకు గుప్పెళ్ళుగా వేయండి. నీళ్ళు పోయవద్దు. కడిగిన తడీ, ఆకులోని నీరూ చాలు. రెండు నిమిషాలు మూత పెట్టండి. ఆకు వాడి కుంగగానే మూత తీసి, మంట పెంచి కలపండి. పాలకూర, లేత మెంతికూరకు ఇంకో రెండు మూడు నిమిషాలు, తోటకూరకు అయిదు, మునగాకుకు ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. ఆకు పచ్చగా ఉండగానే దించాలి. ఉప్పు చివర్లో వేయండి. కుప్పగా ఉన్నప్పుడు చూసి వేస్తే కుంగాక ఉప్పన అవుతుంది.

దించాక అర నిమ్మకాయ పిండండి. సి విటమిన్ వేడికి తట్టుకోదు, అందుకే పొయ్యి మీద ఉండగా పిండవద్దు. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఈ పులుపు కావాలి. పుంటికూర, చుక్కకూరలకు నిమ్మ అక్కర్లేదు. చాయ్, కాఫీ మాత్రం భోజనం తర్వాత కనీసం గంట ఆగి తాగండి.

ఇంకొక మాట. మాంసంతో కలిపి తింటే ఆకులోని ఇనుము మరింత బాగా పడుతుంది. చుక్కకూర గోష్త్, మెంతికూర ఖీమా, అంబాడా గోష్త్ మన ఇళ్ళలో ఊరికే పుట్టలేదు. ఖర్చు అనుకునేవారు పావు కిలో ఖీమాలో అర కిలో మెంతికూర కలపండి. రుచికి రుచి, బలానికి బలం.

ఎవరు జాగ్రత్తపడాలి?

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. పదేళ్ళ కిందట నీరసమని ఒక పెద్దాయన వచ్చాడు. ఏ మందులు వాడుతున్నారని అడగకుండానే రోజూ పాలకూర తినమన్నాను. ఆయనకు గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటున్నాడు. పాలకూరలోని కె విటమిన్ ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. తర్వాతి పరీక్షలో తేడా కనిపించి, ఆయన డాక్టరు పట్టుకున్నాడు కాబట్టి ప్రమాదం తప్పింది. ఆ రోజు నుంచి మందుల చీటీ చూడకుండా నేను కూర కూడా చెప్పను. వార్ఫారిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవారు ఆకుకూర మానవలసిన పని లేదు. కాని ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ కాకుండా ఎప్పుడూ ఒకే మోతాదులో తినాలి. మార్చాలంటే ముందు డాక్టరుకు చెప్పాలి.

మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు పాలకూర, తోటకూర, చుక్కకూర తగ్గించాలి. తిన్నప్పుడు ఉడికించి నీళ్ళు పారబోయాలి. పైన నేను వద్దన్న పద్ధతి వారికి మాత్రమే సరైనది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు డాక్టరు చెప్పినంతే తినాలి. తలసీమియా ఉన్నవారు, ఒంట్లో ఇనుము ఎక్కువగా చేరే జబ్బు ఉన్నవారు ఇనుప పాత్ర జోలికి పోవద్దు.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. ఆకుకూర ఒక్కటే చాలని నేను ఆమెను ఇంటికి పంపలేదు. 8కి దిగిన రక్తం కూరతో మాత్రమే లేవదు. సర్కారు దవాఖానాకు పంపి ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు ఇప్పించాను. తల్లికి మాత్రం వంట మార్చమన్నాను. మూడు నెలల తర్వాత 11 దాటింది. లేపింది మాత్రలే. మళ్ళీ పడిపోకుండా కాపాడవలసింది రోజూ తినే కూర. మాత్రలు అయిపోతాయి, పొయ్యి రోజూ వెలుగుతుంది.

మీ ఇంట్లో ఆడపిల్ల అలసిపోతోందంటే బద్ధకమని తిట్టకండి. కంటి రెప్ప లాగి చూడండి, రక్త పరీక్ష చేయించండి. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కూర ఉడికించిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడండి.