పాత కారుకు న్యాయమైన ధర ఏది?

మెహదీపట్నం నుంచి బీజాపూర్ రోడ్డు పట్టి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వైపు ప్రయాణించే వారికి ఇళ్ల ముందు కార్లు కనిపించడం ఇప్పుడు వింత కాదు. ఒకప్పుడు ఇంటికొక సైకిలు, కాస్త కలిగినవారికి స్కూటరు. ఇప్పుడు భూమి అమ్మిన రైతు, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన యువకుడు, నెల జీతం మీద బతికే ఉపాధ్యాయుడు కూడా కారు కొంటున్నారు. మన కుటుంబాలు పాత కారు వైపు మొగ్గడానికి మరో కారణం ఉంది. కొత్త కారంటే చాలామందికి అప్పు, అప్పంటే వడ్డీ. దాన్ని తప్పించుకోవాలనుకునేవారు కూడబెట్టిన మూడు, నాలుగు లక్షలు చేతపట్టుకుని పాత కార్ల వ్యాపారి దగ్గరకు, మనవైపు మాటలో కన్సల్టెన్సీకి, వెళ్తారు. ఆ సొమ్ము చేయి దాటిపోతే మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది.

అక్కడ సాధారణంగా జరిగేది ఇది. వ్యాపారి నాలుగు లక్షల ఇరవై వేలంటాడు. మనం మూడున్నర అంటాం. "భాయ్, నాకు పడిందే మూడు ఎనభై, ఒట్టు" అంటాడు. చివరకు మూడు తొంభైకి బేరం తెగుతుంది. ముప్పై వేలు తగ్గించామని సంతోషిస్తాం. కానీ ఆ కారు అసలు ఎంత చేస్తుందో అప్పటికీ మనకు తెలియదు.

మదర్సాలో చదివినవారికి ఖుదూరి గ్రంథం పరిచయమే. వస్తువులో 'ఐబ్' అంటే ఏమిటన్న ప్రశ్నకు హనఫీ పండితులు చెప్పిన జవాబు మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. వ్యాపారుల వాడుకలో ఏది ధరను తగ్గిస్తుందో అదే లోపం అన్నారు వారు. అంటే లోపం తెలిస్తేనే ధర తెలుస్తుంది. బేరమాడి కొనే అమ్మకంలో వ్యాపారి తనకు ఎంతకు పడిందో చెప్పనక్కరలేదు. కొన్న ధర మీద ఇంత లాభం అని చెప్పి అమ్మితే, అంటే మురాబహా అయితే, అప్పుడు కొన్న ధర నిజంగా చెప్పాలి. తెలిసిన లోపాన్ని దాచే హక్కు మాత్రం ఏ అమ్మకంలోనూ లేదు. మనం చేసేది దీనికి తలకిందులు. అడగనక్కరలేని కొన్న ధర గురించి ఒట్లు వేయిస్తాం, అడగవలసిన లోపం గురించి నోరు మెదపం.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. లోపాలకు నాకు బాధ్యత లేదని అమ్మేవాడు ముందే షరతు పెడితే, కొనేవాడు ఒప్పుకుంటే, హనఫీ ఫిఖ్‌లో ఆ అమ్మకం చెల్లుతుంది. "ఉన్నదున్నట్టు ఇస్తున్నా, తర్వాత నన్నడగొద్దు" అన్న మాట వినబడితే చెవులు రిక్కించాలి.

మరి ధరకు పునాది ఎక్కడ? ముందుగా అదే మోడల్ కొత్త కారు నేటి ధర కనుక్కోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారు చవకైతే పాతది కూడా దిగాలి కదా! అంతకుముందు ధరల పట్టిక చూపించి బేరమాడే వ్యాపారికి ఈ తేదీ గుర్తుచేయాలి. తరువాత బీమా పత్రం చూడండి. అందులో ఐడీవీ అనే అంకె ఉంటుంది. బీమా లెక్క ప్రకారం కారు విలువలో రెండు నుంచి మూడేళ్ల మధ్య 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్ల మధ్య 40, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తరుగు తీస్తారు. బాగా అమ్ముడుపోయే బండి దీనికంటే ఎక్కువే పలుకుతుంది. అయినా బేరం ఆకాశంలో మొదలు కాకుండా ఆ అంకె ఆపుతుంది. ఇంకో మాట. పాత కారు మీద జీఎస్టీ వ్యాపారి లాభం మీదే 18 శాతం. మొత్తం ధర మీద పన్ను అడిగితే ఆ లెక్క తప్పు.

బీమా పత్రంలోనే మరో రహస్యం ఉంది. క్లెయిమ్ లేని ఏడాది గడిస్తే 20 శాతం రాయితీతో మొదలై, ఏటా పెరుగుతూ 50 శాతం దాకా వెళ్తుంది. నాలుగేళ్ల కారుకు ఆ గడిలో సున్నా ఉంటే క్లెయిమ్ జరిగి ఉండవచ్చు, లేదా మధ్యలో బీమా ఆగిపోయి ఉండవచ్చు. ఎందుకని అడగండి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అద్దాల మీద కూడా తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. ఒక్క అద్దం మాత్రం తేడాగా ఉంటే అది ఎందుకు మారిందో తెలుసుకోవాలి. మీటరు నలభై వేలు చూపిస్తూ బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును నమ్మకండి, పెడల్‌ను నమ్మండి. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి నంబరు మీద పాత రీడింగులు దొరుకుతాయి.

హైదరాబాదులో 2020 అక్టోబరు వరదలు, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరద ఎన్నో కార్లను ముంచాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. మడతలో ఒండ్రు మరక ఉంటే ఆ కారు నీళ్లు తాగినట్టే. ఢిల్లీ నంబరు డీజిలు కార్లు చవకగా వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండ్లపై ఎన్జీటీ 2015లో విధించిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించడంతో ఇటువైపు రావడం మొదలైంది. ఇక్కడ నంబరు మార్చుకోవడానికి అయ్యే పన్ను కూడా కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కవేయాలి. మన రంగారెడ్డి బండ్లలో ఏపీ నంబరుంటే అది 2014 జూన్‌కు ముందుది. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడు ముగుస్తుందో ఆర్‌సీలో చూసుకోండి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి. లోపం లేని అలాంటి కారు నాలుగు లక్షలు చేస్తుందనుకుందాం. టైర్లకు ఇరవై వేలు, బీమాకు పన్నెండు వేలు, క్లచ్‌కు పది, ఏసీకి ఎనిమిది. మొత్తం యాభై వేలు. కాబట్టి మూడున్నర లక్షలు. ఈ అంకెలు ఉదాహరణకే, మీ మెకానిక్ చెప్పినవి రాసుకోండి. ఇలా లెక్క చూపించినప్పుడు వ్యాపారి కూడా కోప్పడడు. ఎందుకంటే అతడు కొన్నప్పుడు చేసిన లెక్క కూడా ఇదే. అయితే వరదలో మునిగిన కారు, ఛాసిస్ వంగిన కారు, అప్పు తీరని కారు, వీటికి తగ్గింపు లెక్క లేదు. వదిలేయాలి.

అప్పు సంగతి ఎందుకంటున్నామంటే, మాకు తెలిసిన ఒక యువకుడు సౌదీలో సంపాదించిన సొమ్ముతో చవకగా కారు కొన్నాడు. రెండు నెలలకు ఫైనాన్సు వాళ్లు ఇంటి ముందుకు వచ్చారు. పాత యజమాని వాయిదాలు కట్టలేదు. పోయింది డబ్బు మాత్రమే కాదు, బస్తీలో అతని తండ్రి కొన్నాళ్లు తలెత్తుకు తిరగలేకపోయాడు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఉంటే ఫైనాన్సు సంగతి, ఎందరు యజమానులు మారారన్నది అప్పుడే తెలిసేది.

ఈ వ్యాపారంలో మన సోదరులూ ఎందరో ఉన్నారు, వారికీ ఒక మాట. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (ర) సేవకుడు ఒక గుర్రాన్ని మూడు వందల దిర్హములకు కొని, యజమానిని సొమ్ము కోసం వెంట తెచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (ర), నీ గుర్రం ఇంతకంటే ఎక్కువ చేస్తుంది, నాలుగు వందలకు ఇస్తావా అంటూ తానే పెంచుకుంటూ ఎనిమిది వందలు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని ప్రవక్త (స)కు ఆయన మాట ఇచ్చి ఉన్నారు. కూతురి పెళ్లి కోసం అర్జెంటుగా కారు అమ్ముకునే మనిషి దగ్గర సగం ధరకు కొనేటప్పుడు ఈ గుర్రం గుర్తుకు రావాలి.

బేరం కుదిరాక బయానా. మూడు రోజుల్లో మెకానిక్‌కు చూపించి, లోపం తేలితే బయానా వాపసు అని రశీదు మీద రాయించుకోండి. ఇలా గడువు పెట్టుకునే హక్కును ఫిఖ్‌లో ఖియారె షర్త్ అంటారు, ఇమామ్ అబూ హనీఫా దానికి మూడు రోజులు హద్దు పెట్టారు. బేరం తప్పితే బయానా మింగేయడం హనఫీల దృష్టిలో సమ్మతం కాదు.

చివరగా కాగితాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారి రవాణా శాఖ అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన అమల్లో ఉంది. యజమాని అతనికి కారు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో నమోదైతే వ్యాపారినే యజమానిగా లెక్కిస్తారు. ఆ పత్రం చూపించమనండి. ఖాళీ ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు చేతిలో పెట్టి పంపితే తీసుకోకండి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ చేతిలో జరిగిన ప్రమాదానికి ఎవరో పాత యజమాని కోర్టు మెట్లెక్కుతాడు. ఈ-చలాన్లు ఎన్ని ఉన్నాయో చూసుకుని, వ్యాపారి చేత కట్టించండి. పాత ఫైనాన్సు ఉంటే ఫారం 35, ఎన్‌ఓసీ తీసుకోండి. మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకుండా పది, పదిహేను వేలు మీ పేరుతో ఆర్‌సీ వచ్చేదాకా నిలిపి ఉంచుకునే ఏర్పాటు చేసుకోండి. ఆ మాట కూడా అదే రశీదు మీద రాయించండి.