కడలి అడుగున ఓపల్ లెక్క

సముద్రపు పైపొరల్లో సూర్యకాంతితో బతికే డయాటమ్‌లనే ఏకకణ శైవలాలు నీటిలో కరిగి ఉన్న సిలిసిక్ ఆమ్లాన్ని గ్రహించి తమ చుట్టూ గాజులాంటి పెంకు కట్టుకుంటాయి. రేడియోలేరియన్లూ, చాలా రకాల స్పంజికలూ సిలికాతోనే తమ అస్థిపంజరాన్ని నిర్మించుకుంటాయి. ఇలా ప్రాణుల ఒంట్లో తయారైన సిలికాను జీవజన్య సిలికా అంటారు. స్ఫటికరూపం లేక, కొంత నీటిని ఇముడ్చుకొని ఉంటుంది గనుక దీన్నే ఓపల్ అనీ వ్యవహరిస్తారు. సముద్రజలం సిలికాతో సంతృప్తమై ఉండదు కనుక ఈ పెంకుల్లో అత్యధిక భాగం కరిగిపోగా, అడుగున పదిలంగా మిగిలేది నూటికి సుమారు మూడు పాళ్లే. ఆ మిగిలినదే అంటార్కిటికా చుట్టూ పెద్ద పట్టీగా పేరుకుంది, అక్కడ ఏ యుగంలో డయాటమ్‌లు ఎంతగా వర్ధిల్లాయో చెప్పే ఆధారాల్లో అది ముఖ్యమైనది.

చిక్కేమిటంటే బంకమట్టిలోనూ, ఇసుకలోనూ ఉన్నది సిలికాయే కాబట్టి, మొత్తం సిలికాను కొలిస్తే ప్రాణుల వాటా తేలదు. అయితే వేడి క్షారద్రావణంలో ఓపల్ త్వరగా కరుగుతుంది, బంకమట్టి ఖనిజాలు నెమ్మదిగా, దాదాపు ఒకే వేగంతో కరుగుతాయి, క్వార్ట్‌జ్ ఇసుక కరగనట్టే ఉంటుంది. ఈ తేడాను ఆధారం చేసుకొని డేవిడ్ డిమాస్టర్ 1981లో ప్రకటించిన పద్ధతిలో, ఎండబెట్టి పొడి చేసిన బురదను 85 డిగ్రీల సెల్సియస్ వద్ద పలుచని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ఉంచి, కొన్ని గంటలపాటు మధ్యమధ్య ద్రవం తీసి కొలుస్తారు. ఆ కొలతలతో గీసిన గ్రాఫు మొదట నిటారుగా లేచి, తర్వాత వాలు తగ్గి సరళరేఖగా సాగుతుంది; ఆ సరళరేఖను సున్నా గంటకు వెనక్కి పొడిగిస్తే అది తాకే విలువే ఓపల్ వాటా.

1989లో మోర్ట్‌లాక్, ఫ్రోలిక్ ప్రతిపాదించిన పద్ధతిలో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థాన్నీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నపు పెంకులనూ తొలగించి, గాఢమైన కార్బొనేట్ ద్రావణంలో 5 గంటలు ఉంచి ఒక్కసారే కొలుస్తారు. గాజు కూడా సిలికాయే కనుక, పాత్రలు ప్లాస్టిక్‌వే కావాలి. ద్రవంలో మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు తేలుతుంది, దాని గాఢతను స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూసి సిలికాన్ ఎంతో తెలుసుకొని, ఓపల్‌లోని నీటిని కూడా కలుపుకొని 2.4తో గుణిస్తారు.

డయాటమ్‌లు దండిగా ఉన్న బురదకు ఈ ఒక్క కొలత చాలు. ఓపల్ కొద్దిగా, బంకమట్టి విస్తారంగా ఉన్నచోట అంకె ఉబ్బుతుంది. దక్కను బసాల్ట్ నుంచి గోదావరి, కృష్ణ మోసుకొచ్చే స్మెక్టైట్ అనే బంకమట్టి కలిసే బంగాళాఖాతపు అంచుల్లో ఈ విషయంలో జాగ్రత్త మరీ అవసరం. అలాంటి నమూనాల్లో సిలికాన్‌తోపాటు అల్యూమినియాన్నీ కొలిస్తే బంకమట్టి నుంచి కరిగినదెంతో అంచనాకు వస్తుంది. స్పంజికల ముళ్లు మాత్రం మొండివి, అవి కరిగే వేగం బంకమట్టి వేగానికి దగ్గరగా ఉండి లెక్కను తగ్గించి చూపుతుంది. 1998లో డేనియల్ కాన్లీ ఒకే నమూనాలపై పలు ప్రయోగశాలల ఫలితాలను పోల్చినప్పుడు గణనీయమైన వ్యత్యాసాలు కనిపించాయి. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా ఇచ్చిన ఓపల్ శాతాన్ని మరో చోటి శాతంతో పోల్చడం కుదరదు.