కార్బురేటర్ మార్చాలా?

ఒక చిన్న పట్నంలో ఒక భార్యాభర్తలు ఉన్నారనుకుందాం. వాళ్ళది చీరల వ్యాపారం. వాళ్ళకు ఒక పాత అంబాసిడర్ కారు ఉంది. పెట్రోలుతో నడిచే కారు. వారం వారం చీరల మూటలు అందులో వేసుకుని సంతలకు వెళతారు. భర్త కారు నడుపుతాడు. భార్య చీరలు అమ్ముతుంది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు లెక్కల పుస్తకం ఆమే రాస్తుంది.

ఒక నెల లెక్క చూసి ఆమె ఆగిపోయింది. చీరలు బాగానే అమ్ముడయ్యాయి. లాభం మాత్రం తగ్గింది. డబ్బు ఎటు పోయింది?

జవాబు పుస్తకంలోనే ఉంది. ఇదివరకు లీటరు పెట్రోలుకు కారు 10 కిలోమీటర్లు నడిచేది. ఇప్పుడు 7 కిలోమీటర్లే నడుస్తోంది. వాళ్ళు వారానికి 210 కిలోమీటర్లు తిరుగుతారు. అప్పుడు 21 లీటర్లు సరిపోయేది. ఇప్పుడు 30 లీటర్లు కావాలి. అంటే వారానికి 9 లీటర్లు ఎక్కువ. లీటరు 100 రూపాయలు అనుకుంటే 900 రూపాయలు. నాలుగు వారాలకు 3,600 రూపాయలు. సంతలో ఎండకు నిలబడి సంపాదించింది పొగైపోతోంది!

నిజంగానే పొగ వస్తోంది. కారు వెనక గొట్టం నుంచి నల్లటి పొగ. పెట్రోలు వాసన కూడా వస్తోంది. ఆగిన చోట ఇంజను ఊరికే ఆరిపోతోంది.

ఇద్దరూ మెకానిక్ షెడ్డుకు వెళ్ళారు. మెకానిక్ చూశాడు.

“కార్బురేటర్ పోయినట్టుంది అక్కా. మార్చాలి. కంపెనీది దొరకడం కష్టం. వేరేది వేద్దాం” అన్నాడు.

“కార్బురేటర్ అంటే ఏంటి తమ్ముడూ? అది ఏం పని చేస్తుంది? ముందు అది చెప్పు” అంది ఆమె.

మంచి ప్రశ్న. డబ్బు ఇచ్చేవాళ్ళు అడగవలసిన ప్రశ్న.

కార్బురేటర్ ఏం చేస్తుంది?

కట్టెల పొయ్యి అందరికీ తెలుసు. కట్టెలు ఎక్కువ కుక్కి, గాలి ఆడనివ్వకపోతే ఏమవుతుంది? పొగ వస్తుంది. మంట రాదు. ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది. మంటకు కట్టె ఎంత అవసరమో గాలీ అంతే అవసరం.

ఇంజనులో కూడా ఇంతే. పెట్రోలు ఒక్కటే మండదు. గాలితో కలవాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి! ఈ రెండింటినీ కొలిచి కలిపేదే కార్బురేటర్.

దోమల మందు కొట్టే చేతి పంపు చూశారా? పంపు నెడితే గాలి జోరుగా పోతుంది. ఆ గాలి సన్న గొట్టం మూతి మీదుగా పోతుంది. డబ్బాలోని మందు పైకి లేచి తుంపరలుగా పడుతుంది. కార్బురేటర్ కూడా అలాగే పని చేస్తుంది. దాని మధ్యలో గొంతులాంటి ఇరుకు దారి ఉంటుంది. ఇంజను గాలిని పీలుస్తుంది. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. పెట్రోలు తుంపరగా లేచి గాలిలో కలుస్తుంది.

పక్కన పెట్రోలు నిలవ ఉండే చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఒక తేలే బుడ్డి ఉంటుంది. నీళ్ళ ట్యాంకులో తేలే బంతి లాంటిదే. గిన్నె నిండితే దారి మూసేస్తుంది. తగ్గితే తెరుస్తుంది.

పెట్రోలు బయటికి వచ్చే చిన్న చిల్లు ఉన్న ఇత్తడి ముక్కను జెట్ అంటారు. పంపు స్టవ్వు చిల్లు మూసుకుపోతే పిన్నుతో పొడుస్తాం కదా! ఇక్కడ మాత్రం పిన్ను పెట్టకూడదు. చిల్లు వెంట్రుక వాసి పెద్దదైనా పెట్రోలు ఎక్కువ పోతుంది. గాలి కొట్టి శుభ్రం చేయాలి.

డీజిలు కారుకు కార్బురేటర్ ఉండదు. ఇప్పుడు వచ్చే కొత్త పెట్రోలు కార్లకూ ఉండదు. వాటిలో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మిస్తుంది.

మార్చే ముందు ఏం చూడాలి?

నల్ల పొగ వచ్చిందని వెంటనే కార్బురేటర్ మార్చనక్కర్లేదు. ముందు తక్కువ ఖర్చు పనులు చూడాలి.

గాలి వడపోత డబ్బా దుమ్ముతో నిండిందేమో చూడాలి. దీన్నే ఎయిర్ ఫిల్టర్ అంటారు. అది మూసుకుపోతే గాలి తగ్గి పొగ వస్తుంది. పెట్రోలు ఫిల్టరులో చెత్త ఉందేమో చూడాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడాలి. చోక్ అనే గాలి మూత బిగుసుకుపోయిందేమో చూడాలి. తేలే బుడ్డికి చిల్లు పడిందేమో చూడాలి. చిల్లు పడితే మునిగిపోతుంది. పెట్రోలు పొంగుతుంది.

ఇవన్నీ బాగు చేసుకోవచ్చు. కానీ కార్బురేటర్ లోపల ఒక రేకు మూత ఉంటుంది. కాలితో యాక్సిలరేటర్ తొక్కితే అది తెరుచుకుంటుంది. ఆ మూత తిరిగే ఇరుసు అరిగి వదులైతే, పక్కనుంచి దొంగ గాలి వెళుతుంది. అప్పుడు ఎంత సరిచేసినా కొలత నిలవదు. అలాంటప్పుడు బాగు చేయడం కష్టం. మార్చడమే మేలు.

ఈ కారులో ఇరుసు అరిగింది. వదులుగా ఊగుతోంది. మెకానిక్ చేత్తో ఊపి చూపించాడు. ఆమె కూడా ఊపి చూసింది.

ఏది కొనాలి?

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అందుకే అసలు సామాను దొరకడం కష్టమైంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వేరే కంపెనీల సామాను అమ్ముతారు. కొన్ని సరిపోతాయి. కొన్ని సరిపోవు.

“పెద్దది వేసుకోండి. బండి ఎగిరిపోతుంది” అని ఒక కొట్టాయన అన్నాడు. ఇది నిజం కాదు. గొంతు మరీ పెద్దదైతే గాలి వేగం తగ్గుతుంది. పెట్రోలు సరిగా లేవదు. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఎగబీలుస్తుంది. గొంతు మరీ చిన్నదైతే వేగంగా పోయేటప్పుడు గాలి చాలదు. కొలతకు సరిపోయిందే మంచిది. చెప్పులు కొన్నట్టే. పెద్దవి కొంటే వేగంగా నడుస్తామా?

నాలుగు సంగతులు చూడాలి.

1. ఇంజను ఎంత పెద్దది? ఈ కారు ఇంజను 1489 సి.సి. అంత ఇంజనుకు పనికివచ్చే కార్బురేటరే అడగాలి.

2. బోల్టు చిల్లులు ఇంజను మీది చిల్లులకు కుదురుతాయా? కుదరకపోతే మధ్యలో ఒక పలక వేయాలి. పాతదాన్ని కొట్టుకు తీసుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూడాలి.

3. జెట్ మీద అంకె ఎంత? సోలెక్స్ రకం జెట్ మీద 120 అని ఉంటే చిల్లు వెడల్పు 1.20 మిల్లీమీటర్లు. అంకె పెరిగితే పెట్రోలు పెరుగుతుంది. ఆ అంకె ఇత్తడి మీద చిన్నగా ఉంటుంది. చదువు వచ్చినవాళ్ళు ఎవరైనా చదవవచ్చు.

4. సరిపోకపోతే వెనక్కు తీసుకుంటారా? ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి.

బిగించేటప్పుడు

ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీగ విప్పాలి. పని ఆరుబయట చేయాలి. బీడీ, సిగరెట్టు, దీపం, పొయ్యి దగ్గర ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ పోతుంది. దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోవాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదు. పెట్రోలు నీళ్ళ మీద తేలుతుంది. మంట ఇంకా పాకుతుంది.

పాతది తీశాక ఇంజను చిల్లులో గుడ్డ కుక్కాలి. ఒక్క నట్టు లోపల పడినా ఇంజను పాడవుతుంది. బిగించే ముందు ఆ గుడ్డ తీయడం మరవకూడదు. కొత్త ప్యాకింగు వేయాలి. బోల్టులు రెండు వైపులా సమానంగా బిగించాలి. లేకపోతే దొంగ గాలి వస్తుంది. పెట్రోలు గొట్టానికి క్లిప్పు గట్టిగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం యాక్సిలరేటర్. తొక్కితే మూత పూర్తిగా తెరుచుకోవాలి. కాలు తీస్తే తనంతట తాను పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో పట్టేస్తే కారు వేగం తగ్గదు. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇంజను స్టార్టు చేయకముందే పదిసార్లు తొక్కి వదిలి చూడాలి.

తర్వాత ఇంజను వేడెక్కనిచ్చి, రెండు స్క్రూలు తిప్పి సరిచేస్తారు. ఒకటి ఇంజను నిలకడ వేగానికి. రెండోది పెట్రోలు, గాలి పాళ్ళకు. కొన్నాళ్ళు తిరిగాక ప్లగ్గు విప్పి చూడాలి. కాఫీ రంగు ఉంటే పాళ్ళు కుదిరినట్టు. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, ఇంజను వేడెక్కుతుంది.

ఆడవాళ్ళు దగ్గర నిలబడి చూసేటప్పుడు కొంగు నడుముకు దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. తిరిగే ఫ్యాను కొంగును లాగేస్తుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపనివ్వకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలి. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

లెక్క తేలిందా?

ఆమె పాత కార్బురేటర్ అడిగి తీసుకుంది. బిల్లు చదివి చూసుకుని డబ్బు ఇచ్చింది. పొగ పరీక్ష చేయించారు. ఆ కాగితం మీద అంకె కూడా ఆమే చదివింది.

ఆ వారం 210 కిలోమీటర్లకు 22 లీటర్లు పట్టింది. కొత్త కారులా కాలేదు. కానీ 30 లీటర్లు 22 అయ్యింది. వారానికి 8 లీటర్లు, అంటే 800 రూపాయలు మిగిలింది. సామానుకు, కూలికి కలిపి 6,400 రూపాయలు అయ్యిందనుకుందాం. ఎనిమిది వారాల్లో ఆ డబ్బు తిరిగి వస్తుంది. తర్వాత మిగిలిందంతా ఇంటికే.

“ఇంజను సంగతి నీకెందుకు అనుకున్నాను. పుస్తకం రాయకపోతే మనకు తెలిసేదే కాదు” అన్నాడు భర్త.

“ఇంజను సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మన డబ్బు సంగతి ఎప్పుడూ నాదే” అంది ఆమె. పుస్తకంలో తేదీ వేసి, 22 అని రాసింది.

చెప్పండి

1. కారు నల్ల పొగ వదిలితే ముందు ఏమేం చూడాలి?
2. పెద్ద కార్బురేటర్ ఎందుకు మంచిది కాదు?
3. పెట్రోలు మంట మీద నీళ్ళు ఎందుకు పోయకూడదు?
4. మీ ఇంటి బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది? నాలుగు వారాలు రాసి చూడండి.