పరీక్షాఫలమును నమ్ముటెట్లు?

ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను విద్యార్థికిని, తార్నాక కూడలిలో బండి మీదనుండి పడి తలకు దెబ్బ తగిలిన తాపీమేస్త్రికిని ఒకే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టినచో, ఇరువురి తక్కువ మార్కులకు ఒకే అర్థము చెప్పవచ్చునా? రక్తములోని చక్కెరను కొలుచుటకు రోగి పట్టుదలతో పనిలేదు. జ్ఞాపకశక్తిని కొలుచునపుడో, అతడు మనసు పెట్టి ప్రయత్నించిననేగాని కొలతకు విలువ లేదు. ప్రమాద పరిహారపు దావాలోను, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద 40 శాతము వైకల్యమునకు సర్టిఫికెట్టు కోరునపుడును, ఆ మార్కుల మీదనే ఒక కుటుంబపు కూడు ఆధారపడి యుండవచ్చును.

అందుచేత రోగి మనసు పెట్టి ప్రయత్నించుచున్నాడో లేదో తెలిసికొనుటకై నిపుణులు కష్టముగా కనబడి నిజమునకు సులభములైన పరీక్షలను కల్పించిరి. స్విట్జర్లాండు దేశీయుడగు ఆండ్రే రే పరీక్షలో ఒక అట్టమీద 15 గుర్తులుండును. ఇన్నిటిని జ్ఞాపకముంచుకొనవలెనని ముందుగా హెచ్చరించి, పది సెకండ్లు చూపి, అట్ట దాచి, గుర్తున్నవి గీయుమందురు. 15 అనగానే గుండె జారును, కాని పరికించి చూచినచో అవి ఆంగ్లపు మొదటి మూడక్షరములు పెద్దవి ఒక వరుస, చిన్నవి ఒక వరుస, ఒకటి రెండు మూడు అంకెలు, అవియే రోమను లిపిలో, పిదప వృత్తము, చతురస్రము, త్రిభుజము, అంతియే. చదువుకొన్నవాడు తొమ్మిదింటినైనను గీయలేకపోయినచో సందేహము పొడముట సహజము.

టాంబా అను మనస్తత్వవేత్త 1996లో ప్రకటించిన పరీక్ష ఇంకను సూక్ష్మమైనది. 50 బొమ్మలు చూపి, పిమ్మట చూచిన బొమ్మను చూడని బొమ్మతో జతచేసి, ముందు చూచినది యేది యని అడుగుదురు. కన్నులు మూసుకొని చెప్పినను సుమారు 25 సరిపడవలెను. పదిహేనుకు మించి సరిపడకపోవుట కేవలము యాదృచ్ఛికముగా వేయిమందిలో ముగ్గురు నలుగురికి మాత్రమే సంభవించును. కావున అట్టివాడు సరియైన బొమ్మను ఎరిగియే విడిచెనని అనుమానించుటకు బలమైన ఆధారము కలదు.

అయితే ఈ విద్యకు ఒక పెద్ద లోపము కలదు. ఇట్టి పరీక్షల హద్దులను నిర్ణయించుటకై పలు పరిశోధనలలో కళాశాల విద్యార్థులను పిలిచి, మెదడు దెబ్బతిన్నట్లు నటింపుమని కోరిరి. విశ్వవిద్యాలయపు గోడలలోపల ఏర్పడిన ఆ హద్దును, గోడ యవతల రోమను అంకెలనే ఎరుగని మేస్త్రికి ఎట్లు వర్తింపజేయుదుము? బడి మెట్లెక్కనివాడు కలము పట్టి త్రిభుజము గీయుటయే ఒక శ్రమ; దానిని కపటమనుట అన్యాయము. ఉన్నత విద్యను దేశభాషలో బోధింపవచ్చునని 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైన ఉస్మానియా చెంతనే, రోగిని అతని భాషలో పరీక్షింపవలెనని వేరుగా చెప్పవలసి వచ్చుట నాకు బాధ కలిగించుచున్నది.

ఈ హైదరాబాదు నగరముననే ఆ దిశగా మేలైన కృషి జరిగినది. నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది మతిక్షయ రోగులను పరిశీలించి నాడీవైద్యురాలు సువర్ణా అల్లాడి బృందము 2013లో ప్రకటించిన అధ్యయనమున, రెండు భాషలు మాటలాడువారికి ఆ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా ఆరంభమైనట్లు తేలినది. నిరక్షరాస్యులలోను ఈ భేదము కనబడినది. చదువు, భాష మెదడు పనితీరుతో ఎంతగా పెనవేసుకొన్నవో దీనివలన తెలియును. భారత వైద్య పరిశోధనా మండలి తెలుగుతో కూడ ఐదు భాషలలో ఇట్టి రోగులకై పరీక్షాసమాహారమును సిద్ధపరచినది.

ఒక్క పరీక్షతో ఎవరినిగాని అబద్ధీకుడనరాదు. మూడు మాటలు గుర్తుండవనువాడు తార్నాకనుండి ఉప్పలుకు ఒంటరిగా బస్సెక్కి పోయి కూలిలెక్క సరిచూచుకొనుచున్నాడా? నొప్పి, నిద్రలేమి, దిగులు అతని ఏకాగ్రతను హరించుచున్నవా? అసలు ప్రశ్నయే అర్థము కాలేదా? వీనినెల్ల విచారించిన పిమ్మటనే నివేదిక వ్రాయవలెను. “ఈ ఫలితము ఆధారపడదగినది కాదు” అనుట వేరు, “ఇతడు నటించుచున్నాడు” అనుట వేరు. మేస్త్రి రోమను అంకెలను గీయజాలనపుడు, ఆ పరీక్ష అతనికి వర్తింపదని కాగితముపై స్పష్టముగా వ్రాసి, అతడు మాటలాడు తెలుగుననో ఉర్దూననో వేరొక పరీక్షకు మరల పిలువవలెను.